పడవే ఇల్లయినవాళ్లు

వేటపాలెం మండలంలోని రామాపురం తీరంలో గానీ, పక్కనున్న చీరాల వాడరేవులో గానీ కనిపించేవి ఎక్కువగా ఫైబరు పడవలు. తెల్లవారకముందే వెళ్లి, వేట ముగించుకుని వచ్చి, ఇసుక మీదికి ఎక్కేస్తాయి. వేటకు వెళ్లినవాళ్లు ఆ రాత్రికి ఇంట్లోనే ఉంటారు. అదే తీరం వెంబడి పైకి, నిజాంపట్నం హార్బరుకు వెళ్తే లెక్క మారిపోతుంది. అక్కడి మరబోట్లు ఒకసారి కదిలాయంటే వారం పది రోజులు సముద్రంలోనే. బోటు నడిపే సరంగుతో కలిపి ఏడెనిమిది మందికి పనిచోటూ, వంటిల్లూ, పడకగదీ అన్నీ ఆ బోటే.

పడవలో కాపురం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. వేటపాలేనికి దక్షిణంగా, పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువ బకింగ్‌హాం కాలువను కలుస్తుంది. 1876-78 నాటి కరువు పనుల్లో తవ్విన భాగాలు కూడా బకింగ్‌హాం కాలువలో ఉన్నాయి. ఉప్పూ ధాన్యమూ కట్టెలూ వేసుకుని మద్రాసు వైపు పోయే సరుకు పడవలను మనుషులు గట్టు మీద తాడు పట్టి లాగేవాళ్లు. వండుకోవడం, పడుకోవడం పడవలోనే. కాకపోతే వాళ్లకు గట్టు పక్కనే ఉండేది. ఊరొస్తే దిగొచ్చు, చెట్టు కనిపిస్తే నడుం వాల్చొచ్చు. సముద్రం మీద బోటుకు ఆ వీలు లేదు.

అక్కడ అన్నిటికంటే విలువైనది మంచినీళ్లు. బయలుదేరేటప్పుడు డీజిలు, ఐసు, బియ్యంతో పాటు ట్యాంకుల్లో, డ్రమ్ముల్లో నింపుకున్న నీళ్లే తిరిగొచ్చేదాకా దిక్కు. అందుకే అవి తాగడానికీ వంటకే. స్నానమైనా, బట్టలుతకడమైనా ఉప్పునీళ్లతోనే. ఉప్పునీళ్లలో తడిసి ఆరిన చొక్కా బిరుసెక్కి మెడ దగ్గర ఒరుసుకుంటుంది. చేపలు ఏరేటప్పుడు ముళ్లు దిగిన వేళ్లు అదే నీటిలో నానుతూ త్వరగా మానవు. చాలా బోట్లలో మరుగుదొడ్డి ఉండదు. వెనక భాగంలో అంచు పట్టుకుని కూర్చోవడమే, అలలు గట్టిగా ఉన్న రోజైనా సరే.

నిద్ర కూడా ముక్కలు ముక్కలే. వల వేశాక మూడు నాలుగు గంటలకు పైకి లాగాలి. వల లాగే వించి తిరగడం మొదలైతే అందరూ లేవాల్సిందే. వచ్చిన చేపలను రకాలవారీగా ఏరి, ఐసులో సర్దేసరికి మళ్లీ వల వేసే వేళవుతుంది. పగలూ రాత్రీ అదే వరస. చేపల వేటలో పనిచేసేవాళ్ల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో ఒక ఒప్పందం తెచ్చింది. మూడు రోజులకు మించి సముద్రంలో ఉండే బోట్లలో ప్రతి 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలన్నది అందులోని నిబంధన. 2017లో అది అమల్లోకి వచ్చింది. భారతదేశం దాన్ని ఆమోదించిన దేశాల్లో లేదు. ఇంత పొడవైన తీరం ఉన్న దేశానికి ఇది తగని పని.

ఒడ్డుకు చేరితే కష్టం తీరినట్టేనా? సరుకు దించి, వేలం అయ్యాక దగ్గరి ఊళ్లవాళ్లు ఇళ్లకు వెళ్తారు. దూరం నుంచి పనికొచ్చిన కలాసీలు బోటులోనే ఉండిపోతారు. జెట్టీ దగ్గర చోటు చాలక బోట్లను ఒకదాని పక్కన ఒకటి కడతారు. చివరి బోటువాడు బిందెడు నీళ్లు తెచ్చుకోవాలంటే మధ్యనున్న బోట్లన్నీ దాటాలి. ఇంజను ఆపేస్తే గాలి ఆడదు, దోమలు వదలవు. వేసవి రాత్రుల్లో కేబిన్‌లో ఉండలేక వల కుప్ప మీదే పడుకుంటారు.

ఈ బతుకు ఎలాంటిదో 2020 లాక్‌డౌన్‌లో రాష్ట్రమంతా చూసింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఏటా వేల మంది గుజరాత్‌లోని వెరావల్‌కు వలసపోయి, నెలల తరబడి బోట్లలోనే ఉంటారు. ఆ మార్చిలో వేట ఆగిపోవడంతో 4,000కు పైగా తెలుగు మత్స్యకారులు హార్బరులో కట్టేసిన బోట్లలో చిక్కుకుపోయారు. దూరం పాటించమని దేశమంతా చాటుతుంటే వాళ్లు ఒకే కేబిన్‌లో ఏడెనిమిది మంది చొప్పున రోజులు గడిపారు. ఏప్రిల్ చివర్లో బస్సులు ఏర్పాటయ్యాక గానీ ఇళ్ల దారి పట్టలేదు.

బోటులో ఉండడమంటే ఇలాగే ఉండాలని ఎక్కడా లేదు. కొచ్చి దగ్గర బోల్గట్టి దీవిలో విహార నౌకల కోసం మెరీనా ఉంది. అక్కడ ఆగే నౌకకు కరెంటు, మంచినీళ్లు అందుతాయి. సరదాకు వచ్చినవాళ్లకు ఇవ్వగలిగినది, సముద్రాన్ని నమ్ముకున్నవాళ్లకు ఇవ్వలేమా?

ఈ ప్రశ్న మన తీరానికి ఇప్పుడే అవసరం. రాష్ట్రంలో రెండో దశ ఫిషింగ్ హార్బర్ల జాబితాలో వాడరేవు కూడా ఉంది. హార్బరు వస్తే మరబోట్లు వస్తాయి, వాటితో పాటు బయటి ఊళ్ల కలాసీలూ వస్తారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న 61 రోజులు పక్కనపెడితే, మిగతా కాలమంతా అక్కడ బోట్లలో మనుషులు ఉంటారు. వేలం షెడ్డు, ఐసు ప్లాంటు, డీజిలు బంకు నక్షాలోకి ఎలాగూ ఎక్కుతాయి. జెట్టీ పొడవునా మంచినీటి కుళాయిలు, స్నానాల గదులు, మరుగుదొడ్లు, ఫ్యాన్లున్న పడకల హాలు, ఫోను చార్జింగు పెట్టుకునే చోటు కూడా అదే నక్షాలో ఉండాలి. కాంక్రీటు పోశాక గొట్టాల కోసం జెట్టీని తవ్వడం కంటే ముందే వేసుకోవడం తేలిక, ఖర్చూ తక్కువ.