సింహం నాతో మాట్లాడిందా? నేను డిలీట్ చేసిన షార్ట్ వెనక కథ

ఈ ఎపిసోడ్ మైపాడు బీచ్‌లో కూర్చుని రికార్డ్ చేస్తున్నా. మైక్‌లో గాలి కొడితే కొంచెం సర్దుకోండి. వెనకాల బరబరమని వినిపించేది సముద్రం కాదు, పక్కన రొయ్యల గుంటల్లో తిరిగే ఏరియేటర్లు. మా నాన్న గుంటలు కూడా ఇక్కడే. ఆ గుంటల సంగతి మధ్యలో ఒకసారి వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇవాళ టాపిక్ మీలో చాలామంది అడిగిందే. జూలో ఉన్న సింహంతో మనసుతో మాట్లాడొచ్చా? దాని ఆత్మకీ మన ఆత్మకీ కనెక్షన్ కుదురుతుందా? దీని మీద నాకో పాత బాకీ ఉంది. ముందు అది చెప్పేస్తా.

2023 డిసెంబర్‌లో ఫ్రెండ్స్‌తో తిరుపతి వెళ్లా. దర్శనం అయ్యాక శ్రీ వెంకటేశ్వర జూ పార్క్‌కి పోయాం. ఒక మగ సింహం కంచె వైపు నడుచుకుంటూ వచ్చి ఆగింది. నా కళ్లలోకి చూసింది. పది సెకన్లు ఉంటుందేమో. నాకు ఒళ్లు జలదరించింది, ఇది అబద్ధం కాదు. ఫోన్‌లో తీసి, వెనకాల ఫ్లూట్ మ్యూజిక్ పెట్టి, 'ఇది నాతో మాట్లాడింది' అని షార్ట్ వదిలా. మన ఛానల్లో అప్పటికి అంత పోయిన వీడియో ఇంకోటి లేదు.

జనవరిలో కావలి నుంచి ఒక కుర్రాడు మెసేజ్ పెట్టాడు. 'అన్నా, నాకు కూడా సింహాలతో ఆ కనెక్షన్ ఉందనిపిస్తుంది. ఎక్కడ నిలబడితే బాగా దగ్గరికి వస్తుంది?' అని. నేనేం రాశానో తెలుసా? 'మనసులో పిలువు తమ్ముడూ, అదే వస్తుంది.' పక్కన ఒక హార్ట్ ఎమోజీ.

2024 ఫిబ్రవరి 15న అదే జూలో ఒక మనిషి సింహం ఎన్‌క్లోజర్‌లోకి దూకాడు. సింహం చంపేసింది. నా ఫోన్‌లో మొదట వచ్చిన నోటిఫికేషన్‌లో పేరు లేదు, ఊరు లేదు. కావలి కుర్రాడికి ఫోన్ చేస్తే స్విచాఫ్. రెండు గంటలు. చనిపోయిన వ్యక్తిది రాజస్థాన్ అని తెలిసేదాకా నేను ఎలా ఉన్నానో మాటల్లో చెప్పలేను. పరాయి మనిషి పోయాడని తెలిసి ఊపిరి పీల్చుకున్నా చూడండి, దానికి ఇంకా సిగ్గుగా ఉంది. ఆయన ఎందుకు దూకాడన్నది రకరకాలుగా రాశారు, అందులోకి నేను వెళ్లను. ఆ రాత్రే షార్ట్ డిలీట్ చేశా. కానీ డిలీట్ చేస్తే సరిపోదు కదా, నేను చెప్పింది తప్పయితే ఎందుకు తప్పో చెప్పాలి.

అసలు మనకి ఈ నమ్మకం రీల్స్‌తో రాలేదు. మన నెల్లూరు పాత పేరే విక్రమ సింహపురి. యూనివర్సిటీకి కూడా ఆ పేరే పెట్టుకున్నాం. జొన్నవాడ దారిలో నరసింహకొండ, రాపూరు వైపు పెంచలకోన. ఉగ్రంగా ఉన్న నరసింహస్వామి చెంచులక్ష్మి ప్రేమకి చల్లబడి పెనుశిలగా వెలిశాడని మా నాయనమ్మ చెప్పేది. శాకుంతలంలో బుడ్డోడు భరతుడు సింహం పిల్ల నోరు తెరిచి పళ్లు లెక్కపెడతాడు. ప్రేమ ఉంటే సింహం లొంగుతుందని ఊగ్గుపాలతో తాగినోళ్లం మనం. ఆ కథలంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. కానీ కథలో సింహం దేవుడు. తిరుపతి జూలో ఉన్నది జంతువు, అదీ తప్పించుకునే దారి లేని జంతువు. అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడకుండా 'నాతో మాట్లాడింది' అనేశాను.

మా నాన్న చిన్నప్పుడు నెల్లూరికి సర్కస్ వస్తే సింహం స్టూల్ ఎక్కడం చూశాడంట. నేను చూడలేదు, మీరూ చూసుండరు. ఎందుకంటే 1998లో కేంద్రం ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం ఈ ఐదింటితో ఆటలాడించకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. సర్కస్ వాళ్లు కోర్టుకెళ్లారు. 2001లో సుప్రీంకోర్టు నిషేధం కరెక్టే అంది. మరి అన్ని సర్కస్ సింహాలు ఏమైపోవాలి? అడవిలో వదల్లేరు, వాటికి వేటే రాదు. పైగా చాలావరకు ఆఫ్రికా, ఆసియా జాతులు కలిసిన సంకరం. అందుకని దేశంలో కొన్ని చోట్ల రెస్క్యూ సెంటర్లు పెట్టారు. మన వైపు ఒకటి తిరుపతిలో, ఒకటి విశాఖపట్నంలో. అక్కడ వాటికి పిల్లలు పుట్టనివ్వలేదు. ఉన్నన్నాళ్లు తిండి, వైద్యం, నీడ ఇచ్చి ప్రశాంతంగా పోనివ్వడమే పనిగా పెట్టుకున్నారు. ముసలి సర్కస్ సింహాల వృద్ధాశ్రమం అనుకోండి.

ఇప్పుడు ఆన్‌లైన్ కోర్సుల సంగతి. ఫోటో పంపితే జంతువు మనసు చదివి చెప్తామనేవాళ్లు ఉన్నారు. పేరు చెప్పను, నేనూ ఒక చోట డబ్బు కట్టా. జూలో పుట్టి పెరిగిన సింహం ఫోటో ఒకటి పంపించి, ఇంకేం వివరాలు ఇవ్వలేదు. రెండు రోజులకి ఆడియో వచ్చింది. 'తను పుట్టిన అడవిని కలవరిస్తున్నాడు, తల్లితో నది దగ్గర తిరిగిన రోజులు గుర్తొస్తున్నాయి' అంట. నిజం చెప్పొద్దూ, అంతా తెలిసి కూడా ఆ ఆడియో వింటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వాయిస్ అంత బాగుంది. కానీ అది నది చూడలేదు, అడవి చూడలేదు. ఆడియోలో ఉన్నది సింహం బాధ కాదు, జూలో సింహాన్ని చూసినప్పుడు మనకి కలిగే బాధ. దాన్నే మళ్లీ మనకి అమ్మారు.

బీటెక్‌లో మాకు ఒక మాట నేర్పారు. అవుట్‌పుట్ వచ్చింది కదా అని సంబరపడొద్దు, ఇన్‌పుట్ ఎక్కడి నుంచి వచ్చిందో చూడు అని. దీనికి పాత ఉదాహరణ, వందేళ్ల కిందట జర్మనీలో హాన్స్ అనే గుర్రం. లెక్క అడిగితే గిట్టతో అన్నిసార్లు నేలకి కొట్టి జవాబు చెప్పేది. 1907లో ఆస్కర్ ఫుంగ్స్ట్ అనే ఆయన పరీక్షించి అసలు విషయం పట్టుకున్నాడు. గుర్రానికి లెక్కలు రావు. ఎదురుగా ఉన్న మనిషికి జవాబు తెలిసినప్పుడే అది కరెక్ట్‌గా చెప్తోంది. సరైన అంకె దగ్గరికి వచ్చేసరికి ఆ మనిషి తల, ముఖం తెలీకుండానే కాస్త కదులుతాయి. గుర్రం అది చూసి ఆగిపోతుంది. జంతువు మనసు మనిషి చదువుతున్నాడనుకున్నారు, మనిషి ఒంటిని జంతువు చదువుతోంది. నాకైతే ఈ నిజమే టెలిపతీ కన్నా పెద్ద అద్భుతంగా అనిపిస్తుంది.

సరే, మరి ఆ పది సెకన్లు? సింహం నా వైపు ఎందుకు వచ్చింది?

ఇక్కడ నాకు సాయం చేసింది మా బంధువుల్లో పెదనాన్న వరస అయ్యే ఒకాయన. జూలో కీపర్‌గా చేసి రిటైర్ అయ్యారు. ఆ షార్ట్ ఫైల్ చూపించా. ఒకసారి చూసి, 'అబ్బయా, దీనికి ముందు ఎంతసేపు తీశావు?' అన్నారు. ఎడిట్ చేయని క్లిప్ నాలుగు నిమిషాలు ఉంది. అది మొత్తం చూస్తే సింహం అదే దారిలో వస్తోంది, అదే చోట ఆగుతోంది, తిరిగి పోతోంది. మళ్లీ వస్తోంది. నేను ఆ మలుపు దగ్గర నిలబడ్డానంతే. బోనులో ఉన్న జంతువులు ఒకే దారిలో అదేపనిగా తిరగడం ఒత్తిడికో, తోచకపోవడానికో గుర్తు. కొన్నిసార్లు మేత టైమ్ దగ్గరపడినా తిరుగుతాయి. నేను 'నా కోసం వచ్చింది' అని ఫ్లూట్ పెట్టిన నడక అది.

'మరి మీకు కనెక్షన్ లేదా పెదనాన్నా?' అని అడిగా. ఆయన నవ్వారు. ఆయన బండి చప్పుడు సింహానికి తెలుసంట. తాళాల గుత్తి మోత తెలుసు, వాసన తెలుసు. పేరు పెట్టి పిలిస్తే రాత్రి గదిలోకి వచ్చేది. కూతురి పెళ్లికి పది రోజులు సెలవు పెడితే అది సరిగ్గా తినలేదని తోటి వాళ్లు చెప్పారంట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మారింది. ఆ తర్వాత అన్నారు, 'అయినా ఇన్నేళ్లలో నేనూ అదీ మధ్యలో కమ్మీ లేకుండా ఒక్కరోజు కూడా లేము. ముందు దాన్ని లోపల పెట్టి, తాళం వేసి, వేసిన తాళం లాగి చూసి, అప్పుడే నేను చీపురు పట్టుకుని దిగేది. దాని మీద ప్రేమ లేక కాదు, అది సింహమని తెలిసి.'

మా గుంటల సంగతి వస్తుందన్నా కదా. అంతకుముందు ఇదే గుంటల్లో చేపలు పెంచేవాళ్లం. మేత పడవ చప్పుడు వినపడితే చాలు, గుంపుగా వచ్చేసేవి. చేపలకి మా నాన్న ఆత్మ తెలుసని మేం అనుకోలేదు. సింహం చేప కాదు, దాని బుర్ర పెద్దది, బంధాలు పెద్దవి. పిల్లి జాతిలో గుంపు కట్టి కుటుంబంగా బతికేది అదే. తలకి తల రుద్దుకుని పలకరించుకుంటాయి. గర్జన ఎనిమిది కిలోమీటర్ల దాకా వినపడుతుంది, 'నేనిక్కడున్నా, నువ్వెక్కడ' అని. చెవులు వెనక్కి అతికించి, తల దించి, తోక కొడుతూ చూస్తోందంటే దూరం జరగమని. ఇదంతా భాషే. ఏ కోర్సూ లేకుండా, గంటసేపు ఓపిగ్గా కూర్చుంటే మనకి కూడా కొంచెం అర్థమవుతుంది.

2022లో దక్షిణాఫ్రికాలో బంధనంలో ఉన్న సింహాల మీద ఒక స్టడీ వచ్చింది. తల్లీబిడ్డల మధ్య ప్రేమకి పనిచేసే ఆక్సిటోసిన్ హార్మోన్‌ని వాటి ముక్కులోకి స్ప్రే చేశారు. ఆట వస్తువు దగ్గర మామూలుగా ఒకదానికొకటి ఏడు మీటర్ల దూరం పాటించేవి, మూడున్నర మీటర్లకి వచ్చాయి. మాంసం పెట్టినప్పుడు మాత్రం ఈ తేడా కనిపించలేదు. అంటే స్నేహం ఉంది, తిండి దగ్గర దాని లెక్క వేరు.

మీరు నాకు పంపే వీడియోల్లో ఎక్కువ వచ్చేది క్రిస్టియన్ అనే సింహం హగ్. అది నిజమే. 1969లో లండన్‌లో ఇద్దరు కుర్రాళ్లు పిల్లగా కొని పెంచారు, తర్వాత కెన్యాకి పంపారు, 1971లో చూడ్డానికి వెళ్తే గుర్తుపట్టి మీద పడి కౌగిలించుకుంది. నేను చూసిన ప్రతిసారీ ఏడుస్తా. కానీ అది పాలు పట్టి పెంచినవాళ్లని గుర్తుపెట్టుకోవడం. కంచె అవతల నిలబడ్డ మనకి ఆ లెక్క వర్తించదు. అదే రకంగా 'లయన్ విస్పరర్' అని పేరున్న కెవిన్ రిచర్డ్‌సన్ చూడండి. పిల్లలప్పటి నుంచి పెంచిన సింహాలతో పడుకుంటాడు, ఆడతాడు. 2018లో ఆయన షికారుకి తీసుకెళ్లిన ఒక ఆడ సింహం వేటలో చాలా దూరం పరిగెత్తి, అక్కడ కనిపించిన ఒక యువతిని చంపేసింది. ఆయనతో దానికున్న బంధం ఆ అమ్మాయికి బదిలీ కాలేదు.

మన దగ్గరే 2016లో హైదరాబాద్ నెహ్రూ జూలో తాగిన మైకంలో ఒకతను సింహాలకి షేక్‌హ్యాండ్ ఇస్తానని దిగాడు. బతికాడు. ఎందుకంటే రోజూ వాటిని చూసుకునే కీపర్ వాటి ధ్యాస మళ్లించాడు కాబట్టి. ఆ రోజు పనిచేసిన కనెక్షన్ అదొక్కటే.

ఇంకోటి. కంచె దాటి సింహాలకి చేరింది ఒకటుంది, కోవిడ్. 2021 మే నెలలో అదే హైదరాబాద్ జూలో 8 సింహాలకి పాజిటివ్ వచ్చింది. మనుషుల నుంచే అంటి ఉంటుందని అప్పట్లో అనుకున్నారు. అవి కోలుకున్నాయి. మనకి దగ్గర్లోని వండలూరులో మాత్రం జూన్‌లో రెండు సింహాలు పోయాయి.

మీకు నిజంగా ఏదైనా చెయ్యాలనుంటే చాలా జూల్లో దత్తత స్కీమ్ ఉంది, కొన్నాళ్ల తిండి ఖర్చు కట్టొచ్చు. అరవడం, గాజు కొట్టడం, చిప్స్ విసరడం వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 38జె ప్రకారం నేరం. ఆ పనులు చేసే ఫ్రెండ్‌ని ఆపండి, అదీ చిన్న పనేం కాదు.

కావలి తమ్ముడి గురించి అడుగుతారు కదా. ఆ రోజు ఫోన్ ఛార్జింగ్ లేదంట, అంతే. అతనికి ఇదంతా చెప్పి సారీ అడిగా. రెండు నెలల తర్వాత తిరుపతి వెళ్లి ఒక వీడియో పంపాడు. కంచెకి దూరంగా చెట్టు కింద కూర్చుని, ఫోన్ ఒకచోట ఆనించి ముప్పావు గంట తీశాడు. కింద నోట్ రాశాడు. '38 రౌండ్లు అన్నా. ప్రతిసారీ ఎడమ వైపే తిరిగింది. లోపల ఎక్కడో గేటు చప్పుడైతే టక్కున ఆగి అటు చూసింది. నా వైపు ఒక్కసారి కూడా చూళ్లేదు.' అతని పర్మిషన్‌తో ఆ క్లిప్ ఎడిట్ చేయకుండా చివర్లో పెడుతున్నా. మ్యూజిక్ వేయలేదు.