ట్యాబ్ ఎంత వెడల్పు?

"సార్, ట్యాబ్ అంటే ఎన్ని స్పేసులు?" ల్యాబ్‌లో ఒక అమ్మాయి అడిగింది. నాలుగని పక్కనున్న కుర్రాడు, ఎనిమిదని వెనక బెంచీ వాళ్లు. ఎవరిదీ సరైన జవాబు కాదు, ఎందుకంటే ట్యాబ్‌కి సొంత వెడల్పే లేదు. ఫైల్లో అదొక్క అక్షరం, ఆస్కీ పట్టికలో 9వ నంబరు. "తర్వాతి స్టాపుకి జరుగు" అని మాత్రమే దాని అర్థం. స్టాపులు ఎక్కడున్నాయన్నది మన ఎడిటరు నిర్ణయించుకుంటుంది.

ఇది టైపురైటర్ నుంచి వచ్చిన గుణం. టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి స్టేట్‌మెంట్లు కొట్టినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ముందుగా స్టాపులు పెట్టుకుని ట్యాబ్ మీట నొక్కితే క్యారేజీ స్ప్రింగు లాగుడుకి జర్రున జారి, స్టాపుకి తగిలి ఆగేది. మీటకి దూరం తెలియదు.

ఒక్కో ప్రోగ్రామింగ్ భాషకి ఒక్కో సెట్టింగు పెట్టుకోవడం కూడా ఎడిటర్లకన్నా పాతదే. ఐబీఎం 026 కార్డు పంచింగ్ యంత్రంలో చిన్న డ్రమ్ము ఉండేది. దాని చుట్టూ ఒక కార్డు చుడితే, అందులోని చిల్లుల్ని బట్టి యంత్రం ఏ కాలమ్ దాకా దాటేయాలో తెలుసుకునేది. ఫోర్ట్రాన్‌లో వాక్యం 7వ కాలమ్‌లో మొదలవ్వాలి, కోబాల్‌లో 8, 12 కాలమ్‌లు ముఖ్యం. భాష మారితే డ్రమ్ము మీద కార్డు మార్చేవారు. ఈ రోజు మనం రాసే కాన్ఫిగరేషన్ ఫైలుకి ఇంతకన్నా ముచ్చటైన పూర్వీకుణ్ని నేను చూడలేదు.

తెర మీదికి వచ్చేసరికి యూనిక్స్ ప్రపంచంలో ప్రతి 8 కాలమ్‌లకీ ఒక స్టాపు అన్నది అలవాటైపోయింది. కాలమ్‌లని 0 నుంచి లెక్కపెడితే లెక్క తేలిక. ఉన్న కాలమ్‌ని 8తో భాగించి, శేషం వదిలేసి, ఒకటి కలిపి, మళ్లీ 8తో హెచ్చవేయాలి. 3లో ఉన్నా 7లో ఉన్నా ట్యాబ్ నొక్కితే 8కే చేరతాం. 8లో ఉంటే 16కి.

ఇప్పుడు విమ్ ఎడిటర్ తెరవండి. ఇండెంటేషన్‌కి అందులో ముఖ్యమైన సెట్టింగులు నాలుగు. ట్యాబ్ అక్షరం ఎంత వెడల్పుగా కనిపించాలో చెప్పేది ట్యాబ్‌స్టాప్. ఒక్కో మెట్టు ఎంత లోపలికి జరగాలో చెప్పేది షిఫ్ట్‌విడ్త్. ట్యాబ్ కీ నొక్కినప్పుడు ఎంత జరగాలో సాఫ్ట్‌ట్యాబ్‌స్టాప్ చెబుతుంది. ట్యాబ్ బదులు స్పేసులే పెట్టమనేది ఎక్స్‌పాండ్‌ట్యాబ్. మొదటిదాన్ని 8గానే ఉంచి, రెండోదాన్నీ మూడోదాన్నీ 4 చేసి, నాలుగోది మరిచిపోయారనుకోండి. మొదటి మెట్టుకి 4 స్పేసులు పడతాయి. రెండో మెట్టుకి విమ్ పొదుపు చేసి ఒకే ఒక్క ట్యాబ్ పెడుతుంది. మీ తెర మీద అంతా చక్కగా ఉంటుంది. ట్యాబ్‌ని 4గా చూపించే ఎడిటర్‌లో అదే ఫైలు తెరిస్తే మొదటి మెట్టూ రెండో మెట్టూ ఒకే గీత మీదికి వచ్చేస్తాయి!

సీ భాషకి ఇది చూపుకి మాత్రమే ఇబ్బంది, బ్రాకెట్లు కాపాడతాయి. పైథాన్‌కి ఇండెంటేషనే బ్రాకెట్టు. అందుకే దాని లోపల నాకెంతో ఇష్టమైన ఏర్పాటొకటి ఉంది. వరుస మొదట్లోని ఖాళీని పైథాన్ 3 రెండుసార్లు కొలుస్తుంది, సరుకు మీద అనుమానం వచ్చి రెండు కొట్లలో తూయించినట్టు. ఒకసారి ట్యాబ్ స్టాపులు 8కొకటి అనుకుని, మరోసారి ట్యాబ్ అంటే 1 అనుకుని. పై ఉదాహరణలో మొదటి మెట్టు రెండు లెక్కల్లోనూ 4. రెండో మెట్టు ఒక లెక్కలో 8, ఇంకో లెక్కలో 1. ఒక కొలత లోపలికి వెళ్లామంటుంది, ఇంకొకటి బయటికి వచ్చామంటుంది. రెండూ ఒప్పుకోకపోతే ట్యాబ్‌ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. మీ ఎడిటర్ సెట్టింగు ఏమిటో తెలియకుండానే, ఆ ఫైలు ఎవరికైనా వేరేలా కనబడే ప్రమాదముందని పట్టేస్తుంది! (విమ్, పైథాన్ రెండూ డచ్చి వాళ్ల చేతుల్లో పుట్టి 1991లోనే జనంలోకి వచ్చాయి. ఒకరి గుట్టు ఒకరికి తెలుసేమో.)

ప్రోగ్రాములు బిల్డ్ చేసే మేక్ కథ దీనికి సరిగ్గా వ్యతిరేకం. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన ఈ పనిముట్టులో ఆదేశపు వరుస కచ్చితంగా ట్యాబ్‌తోనే మొదలవ్వాలి. స్పేసులు పెడితే ఒప్పుకోదు. అది పొరపాటని ఆయనకి కొద్ది వారాల్లోనే తెలిసింది. అప్పటికే డజను మంది, ఎక్కువగా స్నేహితులే, వాడుతున్నారు. వాళ్ల ఫైళ్లు చెడగొట్టడం ఇష్టంలేక వదిలేశాడు. ఆ డజను మంది దగ్గర ఆయన పడ్డ మొహమాటాన్ని ప్రపంచం ఇంకా మోస్తోంది.

ఆ తర్వాత ఎవరి రాజ్యం వాళ్లది. లినక్స్ కెర్నల్‌ది 8 వెడల్పు ట్యాబ్, పైథాన్‌వాళ్లది 4 స్పేసులు, రూబీది 2. గో భాష మాత్రం గోఫ్మ్‌ట్ అనే పనిముట్టు చేతికి పెత్తనమిచ్చి, ట్యాబే అని తీర్పు చెప్పి, వాదనే లేకుండా చేసింది. నా ఓటు గోకే.

మీరు విమ్ వాడుతుంటే సెట్టింగుల ఫైల్లో ‘ఫైల్‌టైప్ ప్లగిన్ ఇండెంట్ ఆన్’ అన్న ఒక్క వరుస రాయండి. పైథాన్ ఫైలుకి 4 స్పేసులు, మేక్‌ఫైలుకి అసలు ట్యాబ్, విమ్ తనంతట తనే పెట్టుకుంటుంది. నలుగురు కలిసి రాసే ప్రాజెక్టైతే ఈ సెట్టింగులు రాసిపెట్టే ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైలొకటి ప్రాజెక్టులోనే పెట్టండి. ఆ ఫైల్లోనూ మేక్‌ఫైలుకి ట్యాబ్ అని విడిగా రాయడం మరవకండి.