త్రాసు చెప్పని సంగతి

పోయిన యేడు ఆలూరు ప్రాంతమున నేను పనిచేయు పాఠశాలలో ఆరోగ్యపరీక్ష జరిగినది. పిల్లలు వరుసగా వచ్చి తూకపు యంత్రముపై నిలుచుచుండిరి. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె అంకె చూచుకొని దిగి, ఆనాడు మధ్యాహ్న భోజనమునకు రాలేదు. మరునాడును రాలేదు. పిలిచి యడుగగా చాలసేపు నేల చూచి, చివర కిట్లన్నది: “సార్, గొట్టం పెట్టి కొవ్వు లాగేస్తారంట గదా! ఎన్ని కేజీలుంటే చేస్తారు సార్?”

ప్రత్తిని, వేరుసెనగను కాటా కెక్కించి బ్రతుకు గడుపు సీమలో తూకమును గూర్చిన ప్రశ్న వింత గాదు. కాని ఆ ప్రశ్నలో ఒక పొరపాటు దాగియున్నది. బరువు ఎంత ఎక్కువైన అంతగా ఆ చికిత్సకు అర్హులని ఆ పిల్ల తలచినది. పెద్దలలో అనేకులును అట్లే తలచెదరు. వాస్తవము దాదాపు తలక్రిందులు.

లైపోసక్షన్ అను నీ పద్ధతి మిక్కిలి ప్రాచీనమేమియు కాదు. 1970ల నడుమ ఇటలీలో ఫిషర్ అను తండ్రీకొడుకులు దీనికి నాంది పలికిరి. కొలది యేండ్లకే ఫ్రాన్సులో ఇల్లూజ్ అను వైద్యుడు మొన మొద్దుగా నున్న గొట్టమును వాడి రక్తనాళములకు హాని తగ్గించెను. 1980లలో అమెరికా వైద్యుడు జెఫ్రీ క్లైన్ మత్తుమందును, అడ్రినలిన్‌ను ఉప్పునీటిలో పలుచగా కలిపి చర్మము క్రిందికి ఎక్కించు మార్గము కనుగొనుటతో రక్తస్రావము బాగుగా తగ్గినది.

అయితే ఆ గొట్టమునకు అందునది చర్మమునకును కండకును నడుమ నున్న కొవ్వు మాత్రమే. ఆహారనియమమునకు, వ్యాయామమునకు లొంగక ఒకచోట పేరుకొన్న దానిని తీసి ఆకృతి సరిచేయుటయే దాని పని. అందుకే బరువు కొన్ని నెలలుగా నిలకడగా నున్నవారిని, తగిన బరువునకు నూటికి ముప్పది పాళ్ళకు మించని వారిని వైద్యులు ఎన్నుకొందురు. బి.ఎం.ఐ. 30 దాటినచో పలువురు వెనుకాడుదురు. కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తుతో రెండుమారులు భాగింపగా వచ్చునదే ఆ బి.ఎం.ఐ.; 160 సెంటీమీటర్ల మనిషికి 30 అనగా దాదాపు 77 కిలోలు. స్థూలకాయులకు మత్తులో శ్వాస కష్టమగును. కాలి సిరలలో గడ్డకట్టిన నెత్తురు ఊపిరితిత్తులకు పోవు భయము హెచ్చు. ఒక్కసారి ఐదు లీటర్లకు మించి లాగినచో రాత్రి ఆసుపత్రిలోనే ఉంచి కనిపెట్టవలెనని అమెరికా ప్లాస్టిక్ సర్జనుల సంఘము చెప్పుచున్నది. ఆ ఐదు లీటర్లలో ఎక్కించిన ద్రవమును కొంత యుండును. కొవ్వు నీటికంటె తేలిక. లెక్కలు నేర్చిన పిల్లలే చెప్పగలరు, అది ఐదు కిలోలైనను కాదని.

పోనీ, ఎక్కువ తీసిన ఆరోగ్యము బాగుపడునా? సెయింట్ లూయిస్ నగర వైద్యులు పదునైదుగురు స్థూలకాయ స్త్రీలకు సుమారు పదేసి కిలోల కొవ్వు తీసి, పది పన్నెండు వారములకు పరీక్షించిరి. రక్తపుపోటు, చక్కెర, కొలెస్టరాల్ ఏదియు మారలేదు. 2004లో వారది ప్రకటించిరి. కీడు చేయు కొవ్వు పేగుల చుట్టును, కాలేయమునందును ఉండును. గొట్టము అచటికి పోదు.

మన దేశీయులకు ఆ యంకె సైతము నమ్మదగినది కాదు. పూనా వైద్యుడు యాజ్ఞిక్, లండను వైద్యుడు యుడ్కిన్ ఇద్దరి బి.ఎం.ఐ.యు 22.3. కాని దేహములోని కొవ్వు యుడ్కిన్‌కు నూటికి 9.1 పాళ్ళు, యాజ్ఞిక్‌కు 21.2 పాళ్ళు! ఇరువురి ఛాయాచిత్రమును 2004లో లాన్సెట్ పత్రిక అచ్చువేసినది. చూచుటకు ఇద్దరును సన్ననివారే. అందుచే మనవారు అధిక బరువునకు 23, స్థూలకాయమునకు 25 అని తక్కువ హద్దులు పెట్టుకొనిరి.

తెలుగువారికి ఈ చికిత్స పేరు వినగానే ఆర్తి అగర్వాల్ జ్ఞప్తికి వచ్చును. 2001లో ‘నువ్వు నాకు నచ్చావ్’ చిత్రముతో ఇంటింట పరిచితమైన ఆ నటి 2015 జూన్ 6న న్యూజెర్సీలో ముప్పదియొకటవ యేట మరణించినది. అంతకు కొన్ని వారముల ముందు లైపోసక్షన్ చేయించుకొనెనని, శ్వాసబాధ పడుచుండెనని ఆనాటి పత్రికలు వ్రాసినవి. ఆమె నటనకంటె నడుమును గూర్చియే ఎక్కువ మాటలాడిన ప్రేక్షకులలో నేనును ఒకడను.

1953 వరకు ఆలూరు తాలూకా బళ్ళారి జిల్లాలో నుండెడిది. ధాత కరువు కాలమున, 1877లో, కరువు పనులలోని కూలివానికి రోజునకు ఒక పౌను, అనగా దాదాపు 450 గ్రాముల ధాన్యమును కొంచెము డబ్బును చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించెను. అది పనిచేయువాని దేహమును నిలుపజాలదని మదరాసు పారిశుద్ధ్య కమిషనరు కార్నిష్ వాదింపగా, కొన్ని నెలలకు పెంచవలసి వచ్చినది. అట్టి నేలపై ఒక పిల్ల తనంతట తాను అన్నము మానినదనగా నాకు మనసు చివుక్కుమన్నది.

ఆమెను కూర్చుండబెట్టి ఇదంతయు నాకు తెలిసినంత చెప్పితిని. పెద్దల హద్దులు పిల్లలకు వర్తింపవని, ఎదుగు వయస్సునకు వేరు పట్టికలు గలవని, ఆ పట్టికలో ఆమె బరువు సరిగానే యున్నదని చూపితిని. తల ఊపినది; నమ్మినట్లు మాత్రము తోచలేదు.

మరునాడు పళ్ళెము పట్టుకొని వరుసలో నిలిచినది. అన్నము తిన్నది. గ్రుడ్డు మాత్రము ప్రక్కనున్న పిల్లకు ఇచ్చివేసినది.