మట్టిబాటపై ఇంటిబండి

పడక, పొయ్యి, నీటితొట్టి, బట్టల అలమర అన్నియు లోపలనే అమర్చిన మోటారుబండిని క్యాంపర్ వ్యాను అందురు. ఇంటిబండి యన్నను చెల్లును. తారురోడ్డుపై ఇది సుఖమైన వాహనమే.

ఆస్ట్రేలియా వాయవ్యమున కింబర్లీ ప్రాంతములో గిబ్ నది రోడ్డు అను బాట కలదు. డెర్బీ పట్టణము వద్ద మొదలై సుమారు 660 కిలోమీటర్లు సాగు ఈ బాటను 1960వ దశకములో పశువులను రేవులకు చేర్చుటకై వేసిరి. అందు పెక్కు భాగము నేటికిని మట్టి, కంకర. వానలు వెలసిన నెలలలో యాత్రికులు ఇంటిబండ్లతో దీనిపై పోవుదురు. కొన్ని బండ్లు క్షేమముగా దాటును. కొన్ని సగము దారిలో కీళ్లు వదలి నిలిచిపోవును. ఈ భేదమునకు అదృష్టము కంటె యంత్రశాస్త్రమే ఎక్కువ కారణము.

అట్టి బాటపై గుంటలకంటె ఎక్కువ బాధించునవి అలలు. రేకుల కప్పుమీది ముడుతలవలె, బాటకు అడ్డముగా, అరమీటరు నుండి మీటరు ఎడముతో మిట్టపల్లములు వరుసగా ఏర్పడును. ఇవి ఎట్లు పుట్టును? కీత్ మేథర్ అను శాస్త్రజ్ఞుడు ఒక చక్రమును ఇసుకపై గుండ్రముగా పరుగెత్తించి, ఆ ప్రయోగముల సంగతులను 1963లో ప్రకటించెను. 2007లో మరికొందరు శాస్త్రజ్ఞులు ఇసుకతోను, బియ్యపు గింజలతోను అట్టి పరిశోధనయే చేసిరి. చక్రమునకు స్ప్రింగు లేకున్నను అలలు పుట్టెను! వేగము ఒక హద్దు మీరిన చాలును. చిన్న మిట్టపై చక్రము ఎగిరి, అవతల పడి, పడినచోట మట్టిని త్రవ్వి ముందునకు నెట్టును. అది మరియొక మిట్ట యగును. హద్దుకు లోబడి నడచినంతకాలము బాట చదునుగానే యుండును. ఎడ్లబండ్ల బాటలో చక్రపు గాడి పడునేగాని ఇట్టి అలలు లేవవు.

మీటరు ఎడము గల అలలపై గంటకు 36 కిలోమీటర్ల వేగమున పోవు బండికి సెకనుకు 10 దెబ్బలు తగులును. చక్రము తన స్ప్రింగుపై స్వభావముగా ఊగు లెక్కయు రమారమి ఇంతే. రెండును కలిసినచో ఊపు మిక్కుటమగును. ఇంకను వేగము పెంచినచో చక్రము మిట్టనుండి మిట్టకు తేలిపోయి, బాట నునుపైనట్లు తోచును. ఇది ఒట్టి మోసము. చక్రము నేలను సరిగా తాకనపుడు బ్రేకుకు గాని స్టీరింగుకు గాని పట్టు ఉండదు. ఎత్తైన, బరువైన ఇంటిబండికి నెమ్మదియే మేలు. షాక్ అబ్సార్బరులోని నూనె సన్నని రంధ్రములగుండ దూరుచు ఊపును వేడిగా మార్చును. గంటలకొలది దెబ్బలు తగిలినచో ఆ నూనె కాగి, పలుచబడి, పనిచేయదు. కావున నడుమ నడుమ బండిని ఆపి చల్లారనీయవలెను.

టైరులలో గాలి కొంత తగ్గించుట మంచిది. 800 కిలోలు మోయు టైరులో చదరపు సెంటీమీటరునకు 4 కిలోల ఒత్తిడి యున్నచో అది సుమారు 200 చదరపు సెంటీమీటర్ల మేర నేలను తాకును, 2.5 కిలోలకు దించినచో 320. అయితే మెత్తని టైరు వంగి వంగి వేడెక్కును. వేగము తగ్గింపవలెను, తారురోడ్డు చేరగనే మరల గాలి నింపవలెను.

బండి లోపల ప్రాణాపాయము వంటగ్యాసుతోనే. అదురుపాటుకు గొట్టపు కీలు వదలినచో, గాలికంటె బరువైన ఆ గ్యాసు పైకి పోక పడకక్రింద చేరును. బయలుదేరునపుడే సిలిండరు మూయవలెను. పొయ్యి వెలిగించుటకు ముందు కీళ్లపై సబ్బునీరు పూసి బుడగలు లేచునేమో చూడవలెను.

ఆ బాటలోనే పెంటెకోస్ట్ నది అడ్డమగును. అందు మొసళ్లుండుటచే దిగి లోతు చూచుట తగదు. ఎదుటినుండి వచ్చువారిని అడుగుటయే మార్గము. 5 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు గల బండి అడుగును దాటి నీరు 10 సెంటీమీటర్లు లేచినచో, లోనికి నీరు చొరకున్నంతవరకు, అది బండిని సుమారు 1000 కిలోల బలముతో పైకెత్తును. 3 టన్నుల బండికి 30 సెంటీమీటర్లు చాలును, తేలి ప్రవాహమునబడి పోవుటకు. నీరు అడుగును తాకునట్లున్నచో ఈవలి గట్టుననే ఆగవలెను. దాటిన పిదప బ్రేకును రెండుమూడు మారులు మెల్లగా నొక్కి, తడి ఆరిన పిమ్మటనే వేగము పెంచవలెను.