భయానికి ఒక గడువుంది

కండోమ్ లేకుండా ఎవరితోనో కలిసివచ్చిన మగవాడికి రెండో రోజో మూడో రోజో హెచ్ఐవీ భయం మొదలవుతుంది. గొంతు కాస్త గరగరలాడినా అనుమానమే, ఒళ్లు వెచ్చబడినా అనుమానమే. బాత్రూం గడియ పెట్టుకుని అద్దంలో నాలుక మీద తెల్లటి పూత ఉందేమోనని చూసుకుంటాడు. మెడ పక్కన, చంకల్లో వేళ్లతో నొక్కి నొక్కి బిళ్లల కోసం వెతుకుతాడు. అంతలా నొక్కితే అక్కడ నొప్పి పుడుతుంది. ఆ నొప్పే కొత్త అనుమానమవుతుంది. రాత్రి రెండింటికి దుప్పట్లో ఫోన్ వెలుగు. జ్వరం, దద్దుర్లు, విరేచనాలు, బరువు తగ్గడం: చదివిన ప్రతి లక్షణమూ తనలో కనబడుతుంది. తిండి సహించక నిజంగానే రెండు కిలోలు తగ్గుతాడు.

ఇంత భయాన్ని ఎవరితోనూ పంచుకోలేడు. కోయంబత్తూరు ఆర్.ఎస్. పురం లాంటి చోట మరీను. దివాన్ బహదూర్ రోడ్డు మీదా దాని అడ్డవీధుల్లోనూ క్లినిక్కులకూ ల్యాబులకూ కొదవ లేదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్లడమే కష్టం. కమ్మ నాయుళ్లు, బలిజలు, దేవాంగులు తరతరాల కిందటే వచ్చి స్థిరపడిన ఊరిది. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. మిల్లులో, బజారులో, కల్యాణ మండపంలో ఎక్కడ చూసినా తెలిసిన ముఖమే. ల్యాబ్ కౌంటర్‌లో చీటీ రాసే అమ్మాయి పెదనాన్నగారి పక్కింటివాళ్ల కూతురు కావచ్చు. "ఏమిరా, ఒళ్లు బాగలేదా? నిన్న ల్యాబ్ కాడ కనబడితివంట" అని అత్త అడిగితే ఏం చెప్పాలి? అందుకని కొందరు తిరుప్పూరో ఈరోడో బస్సెక్కుతారు. కొందరు అసలు వెళ్లరు. ఇంకొందరు అన్నిటికన్నా ప్రమాదమైన దారి ఎంచుకుంటారు: రక్తదాన శిబిరానికి వెళ్తారు. రక్తమిస్తే ఎలాగూ పరీక్ష చేస్తారు, ఏమైనా ఉంటే వాళ్లే చెబుతారు అనుకుంటారు.

దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. వైరస్ ఒంట్లో చేరిన తొలి రోజుల్లో ఏ పరీక్షకూ దొరకదు. ఆ రోజుల్లో ఇచ్చిన రక్తం ఎవరి ఒంట్లోకి వెళ్తుందో తెలియదు. పరీక్షలో దొరికినా ఆ కబురు దాతకు చేరుతుందన్న భరోసా లేదు. 2018 చివర్లో సాత్తూరులో ఏం జరిగిందో చూడండి. మదురైకి దక్షిణాన, విరుదునగర్ జిల్లాలో, తెలుగు పల్లెల మధ్య ఉన్న ఊరది. అక్కడి ప్రభుత్వాసుపత్రిలో ఒక గర్భిణికి ఎక్కించిన రక్తంలో హెచ్ఐవీ ఉంది. ఆ రక్తమిచ్చింది పందొమ్మిదేళ్ల కుర్రాడు. విదేశంలో పనికి వెళ్లడం కోసం వేరే చోట పరీక్ష చేయించుకుంటే పాజిటివ్ అని తేలింది. తేలిందే తడవుగా తానిచ్చిన రక్తం వాడవద్దని చెప్పాడు. అప్పటికే వాడేశారు. అంతకు రెండేళ్ల ముందు అతనిచ్చిన రక్తంలోనే వైరస్ కనబడిందనీ, ఆ మాట అతనికి చేరలేదనీ తర్వాత బయటపడింది. ఆ కుర్రాడు ప్రాణం తీసుకోబోయి, డిసెంబరు 30న మదురై రాజాజీ ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఆ తల్లికి 2019 జనవరిలో అదే ఆసుపత్రిలో పాప పుట్టింది. పాపకు వైరస్ సోకలేదు.

అంత నిజాయితీగా నడుచుకున్న కుర్రాడు బతకాల్సింది. రోజుకొక మాత్ర వేసుకుంటూ ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అన్నీ చూడాల్సిన వయసు. పరీక్ష ఫలితం చేతిలో పెట్టిన రోజున పక్కన కూర్చుని ఆ సంగతి విడమరిచి చెప్పే మనిషి ఉండాలి. సర్కారు కౌన్సెలింగ్ అంటూ పెట్టింది అందుకే.

మన భయం పాతది. 1986లో మద్రాస్ మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల సేకరించిన రక్త నమూనాల్లో, వెల్లూరు సీఎంసీలో పరీక్షిస్తే, దేశంలో మొదటిసారి హెచ్ఐవీ బయటపడింది. అప్పటికి మందు లేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు పుర్రె బొమ్మలతోనే ప్రచారం సాగింది. 2000ల మొదట్లో తమిళనాడు గోడల మీద 'పుళ్లి రాజాకు ఎయిడ్స్ వస్తుందా' అనే ప్రశ్న వెలిసింది. అదే ప్రశ్న ఆంధ్రప్రదేశ్‌లో పులిరాజాగా ఊరూరా తిరిగింది. అప్పుడు బడికి వెళ్లిన పిల్లలకు ఇప్పుడు ముప్పై, నలభై ఏళ్లు. ఎయిడ్స్ అంటే చావు, తప్పు చేసినవాడికి పడే శిక్ష అన్న రెండు మాటలే వాళ్ల మనసులో పాతుకుపోయాయి. వైద్యం మాత్రం అక్కడ ఆగలేదు. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ, ఒంట్లో రోగనిరోధక కణాల లెక్క ఎంతున్నా సరే, మందు మొదలుపెడుతున్నారు. క్రమం తప్పకుండా వాడి, రక్తంలో వైరస్ లెక్కకు అందనంతగా తగ్గి అలాగే నిలిస్తే, ఆ వ్యక్తి నుంచి లైంగిక సంబంధం ద్వారా ఇంకొకరికి సోకదు. పెద్ద పెద్ద అధ్యయనాలు తేల్చిన సంగతి ఇది.

ఇక అసలు ముప్పు ఎంత? అవతలి వ్యక్తికి హెచ్ఐవీ ఉండి, మందు వాడకుండా, కండోమ్ లేకుండా స్త్రీపురుషులు మామూలుగా కలిస్తే, పదివేల సార్లలో స్త్రీకి సోకేది సుమారు 8 సార్లు, పురుషుడికి సుమారు 4 సార్లు. మలద్వార సంభోగంలో స్వీకరించేవారికి ఈ లెక్క 138 దాకా వెళ్తుంది. నోటి ద్వారా అయితే చాలా చాలా తక్కువ. ముద్దు, కౌగిలి, ఒకే కంచం, దోమకాటు, లాడ్జి బాత్రూం వల్ల సోకదు. కండోమ్ చివరిదాకా సరిగ్గా ఉంటే ముప్పు బాగా తగ్గుతుంది. పుండ్లో వేరే సుఖవ్యాధో ఉంటే, అవతలి వ్యక్తికి కొత్తగా సోకి ఉంటే పెరుగుతుంది. ఇవన్నీ సగటు లెక్కలే. ఒక్కసారితో సోకినవాళ్లూ ఉన్నారు, అందుకే పరీక్ష వదలకూడదు. కానీ రాత్రంతా గుండె దడదడలాడించే ఆ 'కచ్చితంగా వచ్చేసుంటుంది' అన్న నమ్మకానికి ఈ లెక్కల్లో చోటు లేదు.

మొదటి మూడు రోజులు బంగారం లాంటివి. జరిగింది నిజంగా ముప్పున్న కలయికే అయితే 72 గంటల్లోపు, ఎంత ముందైతే అంత మంచిది, వైద్యుడి దగ్గరికి వెళ్లి, వైరస్ సోకకుండా అడ్డుకునే పెప్ గురించి అడగాలి. 28 రోజులు వాడే మందులవి. ఆసుపత్రి సిబ్బందికి సూది గుచ్చుకున్నప్పుడు, అత్యాచారానికి గురైనవారికి ఇచ్చేవి ఇవే. అడగడానికి సిగ్గుపడి నాలుగో రోజు దాకా ఆగితే ఆ అవకాశం పోయినట్టే.

ఆ తర్వాత తొందరపడాల్సిన పనిలేదు. వారం లోపే ల్యాబుకు పరుగెత్తి నెగటివ్ చీటీ తెచ్చుకుంటే దాని వల్ల తెలిసేది ఆ కలయికకు ముందటి సంగతే. వైరస్ చేరినా పరీక్షకు దొరకని ఈ కాలాన్ని విండో పీరియడ్ అంటారు. ఒక్కో పరీక్షకు ఆ గడువు ఒక్కోలా ఉంటుంది. చేతి నరం నుంచి రక్తం తీసి ల్యాబులో చేసే నాలుగో తరం పరీక్ష 18 నుంచి 45 రోజుల్లో పట్టుకుంటుంది. వేలి కొసన చుక్క తీసి చేసే యాంటీబాడీ ర్యాపిడ్ పరీక్షకు 23 నుంచి 90 రోజులు. అంటే నాలుగో తరం పరీక్ష 45 రోజులు దాటాక, ర్యాపిడ్ 90 రోజులు దాటాక నెగటివ్ వస్తే, ఆ కలయికకు సంబంధించినంతవరకు సంగతి ముగిసినట్టే. పెప్ వాడినవాళ్లు మాత్రం ఆ మందులు పూర్తయిన రోజు నుంచి లెక్కపెట్టుకుని, డాక్టరు చెప్పిన తేదీకి వెళ్లాలి. క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ గుండ్రంగా గీసుకోండి. అప్పటిదాకా కండోమ్ లేకుండా ఎవరితోనూ, భార్యతో కూడా, కలవకండి. అద్దం ముందు నాలుక చూసుకోవడం ఆపండి. హెచ్ఐవీ తొలి జ్వరానికీ మామూలు వైరల్ జ్వరానికీ తేడా చూసి చెప్పడం డాక్టర్ల వల్లే కాదు.

ఆర్.ఎస్. పురం నుంచి ఆటోలో కొద్ది దూరం పోతే తిరుచ్చి రోడ్డు మీద కోయంబత్తూరు మెడికల్ కాలేజీ ఆసుపత్రి. తమిళనాడు ప్రభుత్వాసుపత్రుల్లో 'నంబిక్కై మైయం' అన్న బోర్డు కింద ఈ పరీక్ష ఉచితం. ముందు కౌన్సెలర్‌తో మాట. ఏం జరిగింది, ఎన్నాళ్లయింది అని అడుగుతారు. ఎవరితో, ఎందుకని నిలదీయరు. మీరు ఒప్పుకున్నాకే రక్తం తీస్తారు. మొదటి పరీక్షలో ఏమీ లేకపోతే నెగటివ్. ఏమైనా కనబడితే వేరే పద్ధతుల్లో మరో రెండు పరీక్షలు చేసి, మూడూ కలిస్తేనే పాజిటివ్ అంటారు. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ సమ్మతి లేకుండా పరీక్ష చేయడమూ, ఫలితం బయటపెట్టడమూ చట్టవిరుద్ధం. పనిలో పనిగా సిఫిలిస్, హెపటైటిస్ బి పరీక్షలూ అడగండి. హెచ్ఐవీ భయంలో పడి వీటిని మరిచిపోతారు, ఇవేమో దానికన్నా తేలిగ్గా అంటుకుంటాయి.

ఇంతసేపూ మగవాళ్ల భయమే చెప్పుకొచ్చాను. భయపడే తీరిక కూడా దొరకని ఆడవాళ్లు ఇంకెందరో. తన ప్రమేయం ఏమీ లేకుండా, కడుపుతో ఉన్నప్పుడు చేసే పరీక్షలోనే తెలుసుకున్న భార్యలు ఈ దేశంలో లెక్కలేనంతమంది. భర్త మీద అనుమానం వస్తే పరీక్ష చేయించుకోవడానికి ఆమె ఎవరి అనుమతీ తీసుకోనక్కర్లేదు. గర్భంలో ఉండగానే మందు మొదలుపెడితే బిడ్డకు సోకకుండా చాలావరకు కాపాడవచ్చు. గుట్టుగా పరీక్షకు వెళ్లొచ్చిన భర్త పాజిటివ్ అయితే భార్యకు చెప్పి తీరాలి. కౌన్సెలర్ పక్కన ఉండి చెప్పించగలరు.

ఇక చివరి రకం మనుషులున్నారు. 45వ రోజు నెగటివ్, 90వ రోజు నెగటివ్. అయినా నమ్మకం కుదరదు. కిట్ పాతదేమో, నమూనా మారిపోయిందేమో అని ల్యాబ్ మార్చి మళ్లీ రక్తమిస్తారు. పేపర్లో ప్రకటనలిచ్చి లాడ్జిల్లో దిగే వైద్యుల చేతికి చిక్కేది ఎక్కువగా వీళ్లే. వాళ్లు నాడి పట్టుకుని 'రక్తం చెడింది' అని ఒక్క మాటంటే చాలు, వేలకు వేలు గుమ్మరిస్తారు. వీళ్లకు ఇంకో రక్త పరీక్షతో పనిలేదు. జరిగినదాని మీద ఉన్న తప్పు భావన వైరస్ రూపం దాల్చి లోపల కూర్చుంది. దాన్ని మానసిక వైద్యులు తీయగలరు. హెచ్ఐవీ సందేహాలకు 1097, మనసు బాగోలేనప్పుడు టెలి మానస్ 14416, రెండూ ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తాయి. ఎవరి ముఖమూ కనబడదు. 14416కు ఫోన్ చేస్తే భాష ఏదో ఎంచుకోమంటారు. తమిళం ఉంది, తెలుగూ ఉంది.