పొట్ట కొవ్వుతో కొత్త రొమ్ము
మా పిన్నికి రొమ్ము క్యాన్సర్. ఒక రొమ్ము పూర్తిగా తీసేయాలన్నారు. "కొత్తది చేయించుకుంటా" అంటే, "ఈ వయసులో అవసరమా?" అన్నారు చుట్టాలు. ఆమెకి 46!

ఆ సర్జరీ పేరు డీప్ ఫ్లాప్. బొడ్డు కింది చర్మం, కొవ్వు రక్తనాళాలతో సహా తీసి ఛాతీ మీద రొమ్ముగా మలుస్తారు. కండరాన్ని తీయరు. అసలు కష్టమంతా 2, 3 మిల్లీమీటర్ల ఆ నాళాల్ని ఛాతీ నాళాలకు మైక్రోస్కోప్ కింద కుట్టడంలోనే. అక్కడ రక్తం గడ్డకడితే అమర్చిందంతా చచ్చిపోవచ్చు. అందుకే మొదటి రోజు నర్సులు గంటగంటకీ డాప్లర్‌తో రక్తప్రవాహం చప్పుడు వింటారు. మా సర్వర్ మానిటరింగ్ దీనిముందు దిగదుడుపే!

సొంత కొవ్వే కాబట్టి, ఒళ్లొస్తే అదీ పెరుగుతుంది. స్పర్శ మాత్రం మునుపటిలా రాదు.

అన్నీ విని పిన్ని అడిగింది ఒక్కటే: "తర్వాత నీళ్ల బిందె ఎత్తగలనా?" ఆరు వారాలు ఆగమన్నారు డాక్టర్. సంతకం పెట్టేసింది.