ఒకే కంప్యూటర్‌లో పది కంప్యూటర్లు: పేచీ రాదా?

ఒక పెద్ద కంప్యూటర్‌లో పది ఉత్తుత్తి కంప్యూటర్లు నడుస్తుంటాయి. వాటినే వర్చువల్ మెషీన్లు అంటారు. వాటిలో ఒకటి మెమరీ అంతా ఆబగా మింగేస్తే మిగతావాటి గతేమిటి?

ఆ పెద్ద కంప్యూటర్‌ని నడిపేది లినక్స్ అయితే ఇక్కడో వెసులుబాటు ఉంది. కెవిఎం పద్ధతిలో నడిచే వర్చువల్ మెషీన్ లోపలినుంచి చూస్తే పూర్తి కంప్యూటరే. బయటి లినక్స్‌కి మాత్రం అది మీ బ్రౌజర్‌లాగే మరో ప్రోగ్రామ్. కాబట్టి ప్రోగ్రాములకు వేసే కళ్లెమే దీనికీ సరిపోతుంది. ఆ కళ్లెం పేరు సీగ్రూప్స్. గూగుల్ ఇంజినీర్లు 2006లో మొదలుపెట్టిన ఈ పని 2008 జనవరిలో లినక్స్ 2.6.24తో అందరికీ అందింది.

ప్రాసెసర్‌ని పంచే తీరు తమాషాగా ఉంటుంది. మామూలుగా సమయాన్ని 100 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తారు. "ముక్కకి నీకు 50" అని హద్దు పెడితే, ఆ 50 అయిపోయాక తరువాతి ముక్క మొదలయ్యేదాకా మెషీన్ ఆగాల్సిందే. ప్రాసెసర్ ఖాళీగా ఉన్నా సరే, ఇవ్వరు! ఇది మరీ పిసినారితనం అనిపిస్తే వాటాలు వేయొచ్చు. ఒకరికి 100, మరొకరికి 200 అని రాస్తే, పోటీ ఉన్నప్పుడే ఒకటికి రెండు చొప్పున పంపకం. పోటీ లేకపోతే కావలసినంత. నాకైతే ఇదే నచ్చుతుంది.

మెమరీ సంగతి వేరు. సమయం కోసం ఆగొచ్చు గానీ, సామాను నిండిన గదిని ఖాళీ చేయకుండా ఇంకొకరికి ఇవ్వలేం కదా! హద్దు దాటబోతే లినక్స్ కొంత సామాను డిస్కుకి తరలించి చూస్తుంది. కుదరలేదా, ప్రోగ్రామ్‌నే ఆపేస్తుంది. ఇక్కడ ప్రోగ్రామ్ అంటే మొత్తం వర్చువల్ మెషీన్. లోపల ఎవరో రాసుకుంటున్న హోంవర్క్‌తో సహా టపీమంటుంది. అందుకే మెషీన్‌కి 4 జీబీ ఇస్తే బయటి హద్దు కచ్చితంగా 4 దగ్గరే గీయరు. దాన్ని నడిపే ప్రోగ్రామ్‌కీ కాస్త చోటు కావాలి మరి.